పికింగ్, డిస్పాచ్‌లో బార్‌కోడ్ స్కానింగ్ పెడదామనుకుంటున్నాం (ఆహార సరుకుల గోడౌన్). ఎక్కడ మొదలుపెట్టాలి?

సరుకు_లెక్క

అందరికీ నమస్కారం. మాది ఆహార సరుకుల పంపిణీ గోడౌన్. మామూలు గదిలో ఉండే డబ్బా సరుకు, చల్లగా ఉంచాల్సిన పాల ఉత్పత్తులు, ఫ్రీజర్ సరుకు మూడూ ఉన్నాయి. దాదాపు 1,400 ఐటమ్స్, రాత్రి షిఫ్టులో 18 మంది పికర్లు. ఇప్పటిదాకా అంతా కాగితం మీదే. ఆర్డరు ప్రింటు తీస్తాం, పికర్ ఆ కాగితం పట్టుకుని ట్రాలీ తోసుకుంటూ వెళ్లి ఒక్కొక్కటి తెచ్చి టిక్కు పెడతాడు, డాక్ దగ్గర (లారీల్లోకి సరుకు ఎక్కించే చోట) ఇంకో ఇద్దరు మళ్లీ లెక్కపెడతారు, తెల్లవారుజామున 4 గంటలకల్లా లారీలు బయల్దేరాలి.

గత నెల పిల్లలకు వండిపెట్టే ఒక వంటశాలకి నట్స్ లేని బిస్కెట్ల బదులు నట్స్ ఉన్న రకం వెళ్లిపోయింది. పెట్టెలు రెండూ ఒకే రంగు, ఒకే సైజు, పక్కపక్క ర్యాకులు. పికర్ టిక్కు పెట్టాడు, డాక్ దగ్గర లెక్కపెట్టినవాళ్లూ టిక్కు పెట్టారు. అక్కడి వంటమనిషి పెట్టె మీద చదివి ఆపారు కాబట్టి ఏమీ కాలేదు. ఆ రోజు నుంచి నాకు నిద్ర సరిగ్గా పట్టడం లేదు. తప్పు పికర్‌ది అని నేను అనుకోవట్లేదు, రాత్రి 2 గంటలకి అలాంటి రెండు పెట్టెలు పక్కన పెడితే నేనూ అదే తీసేవాడిని.

అందుకే పికింగ్‌లోనూ లోడింగ్‌లోనూ స్కానింగ్ పెట్టాలని నిర్ణయించాం. స్కానర్లు అమ్మేవాళ్లు వచ్చి చూపించారు, అంతా బాగానే కనిపించింది, కానీ మా గోడౌన్‌లో నిజంగా పనిచేస్తుందా లేదా అన్నది ఈ పని చేసినవాళ్లే చెప్పగలరు. ముందు ఏం చేయాలి? ఏ తప్పులు చేయకూడదు?

పాత_స్టోర్‌కీపర్

సరుకు_లెక్క గారూ, మీరు పికింగ్, డిస్పాచ్ అంటున్నారు. నేనైతే సరుకు లోపలికి వచ్చే గేటు దగ్గర మొదలుపెట్టమంటాను. ఇది సలహా కోసం చెప్తున్న మాట కాదు, మేము తిరగేసి చేసి ఆరు నెలలు పోగొట్టుకున్నాం.

పికర్ స్కానర్ పట్టుకుని ర్యాక్ దగ్గరికి వెళ్లి కోడ్ కొడితే, సిస్టమ్ దగ్గర దాన్ని పోల్చుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. ఆ లొకేషన్‌లో ఏ ఐటమ్ ఉంది, ఏ బ్యాచ్, ఎప్పటికి గడువు, ఎన్ని పెట్టెలు. ఇవన్నీ సరుకు దించినప్పుడే ఎక్కాలి. అక్కడ ఎక్కించకపోతే పికింగ్‌లో స్కానర్ చేయగలిగింది ఒక్కటే, 'ఈ ఐటమ్ ఆర్డర్లో ఉంది' అని చెప్పడం. మీ బిస్కెట్ల సమస్యకి అది చాలు, నిజమే. కానీ ఆహార సరుకులో రేపు సప్లయర్ ఫోన్ చేసి 'ఫలానా బ్యాచ్ వెనక్కి తెప్పించండి' అంటే ఎవరెవరికి పంపారో చెప్పడానికి అది చాలదు.

మేము మొదట పికింగ్‌లోనే పెట్టాం. రెండో వారం నుంచే 'స్టాక్ లేదు' అని మెసేజ్‌లు, ఎదురుగా చూస్తే పెట్టెలు ఉన్నాయి. ఎందుకంటే దించినవాళ్లు ఖాళీ కనిపించిన చోట పెట్టేశారు, ఎక్కడ పెట్టారో ఎవరూ ఎక్కించలేదు. పికర్లు విసిగిపోయి స్కానర్లు జేబులో పెట్టుకుని మళ్లీ కాగితం అడిగారు. వాళ్ల నమ్మకం ఒకసారి పోయాక తిరిగి తెచ్చుకోవడానికి చాలా కాలం పట్టింది.

లేబుల్_పని

పైన చెప్పింది అక్షరాలా నిజం. దానికి ముందు ఇంకో మెట్టు ఉంది, ఐటమ్ మాస్టర్, అంటే ప్రతి ఐటమ్ పేరు, కోడ్, పెట్టెలో ఎన్ని అన్నీ ఉండే కంప్యూటర్ జాబితా. 1,400 ఐటమ్స్ అన్నారు కదా, వాటిలో ఎన్నింటి పెట్టె మీద బార్‌కోడ్ ఉందో, ఉన్నది మీ కంప్యూటర్లో ఉన్నదానితో సరిపోతుందో ముందు నడుచుకుంటూ వెళ్లి చూడండి. ఒక స్కానర్, ఒక లాప్‌టాప్, ఇద్దరు మనుషులు. బోరింగ్ పనే, కానీ అందులో దొరికేవి చూసి ఆశ్చర్యపోతారు.

ఒకే సరుకుకి మూడు స్థాయిల కోడ్‌లు ఉంటాయి. లోపలి ఒక్క ప్యాకెట్‌కి 13 అంకెల ఈఏఎన్, మధ్యలో చిన్న కట్టకి ఒకటి, బయటి పెట్టెకి 14 అంకెల జీటిన్ (సరుకుని గుర్తించే నంబరు). ఆ 14 అంకెల్లో మొదటి అంకె ప్యాకింగ్ స్థాయిని చెప్తుంది, 1 నుంచి 8 దాకా. 9 ఉంటే బరువు పెట్టె పెట్టెకీ మారే సరుకు అని అర్థం, అంటే మాంసం, జున్ను లాంటివి. మీ సిస్టమ్‌లో 'పెట్టె = 12 ప్యాకెట్లు' అని ఉండి, పికర్ లోపలి ప్యాకెట్ కోడ్ కొడితే ఒకటి తగ్గాలా పన్నెండు తగ్గాలా? ఇది ముందే తేల్చకపోతే స్టాక్ లెక్క వారంలోపే పనికిరాకుండా పోతుంది.

సప్లయర్లు కొందరు పెట్టెలో 12 నుంచి 10కి మార్చి కోడ్ మాత్రం పాతదే ఉంచుతారు. అలా చేయకూడదు, పెట్టెలో సంఖ్య మారితే కొత్త జీటిన్ ఇవ్వాలని జీఎస్1 (బార్‌కోడ్ ప్రమాణాలు నిర్ణయించే అంతర్జాతీయ సంస్థ) నియమాలే చెప్తాయి. అయినా చేస్తారు. కాబట్టి సరుకు దించేటప్పుడు అప్పుడప్పుడు ఒక పెట్టె విప్పి లెక్కపెట్టించండి.

కోడ్ అసలు లేని ఐటమ్స్‌కి మీరే లేబుల్ వేయాలి. 2తో మొదలయ్యే నంబర్లు ఇలాంటి పరిమిత వాడకం కోసం వదిలిపెట్టారు, అవి తీసుకోండి. ఏదో ఒక నంబరు మీరే కల్పించుకుంటే రేపు అది ఇంకెవరి అసలు కోడ్‌తోనో కలిసే ప్రమాదం ఉంది.

సరుకు_లెక్క

ఇంత త్వరగా ఇంత వివరంగా చెప్పినందుకు చాలా థాంక్స్. నిన్న ఒక వరుస, 60 లొకేషన్లు మాత్రమే నడిచి చూశాం. 9 ఐటమ్స్‌కి మా రికార్డులో కోడ్ తప్పు. 4 ఐటమ్స్‌కి పెట్టె మీద కోడే లేదు. ఇంకోటి చూసి నా గుండె జారింది: ఆ నట్స్ బిస్కెట్లు, నట్స్ లేని బిస్కెట్లు రెండింటికీ మా సిస్టమ్‌లో ఒకే కోడ్ ఎక్కించి ఉంది. ఎవరో ఒకదాన్ని కాపీ చేసి పేరు మార్చారు, కోడ్ మార్చడం మరిచిపోయారు. అంటే రేపే స్కానింగ్ పెట్టి ఉంటే స్కానర్ కూడా 'సరే' అని బీప్ కొట్టేది!

పాత_స్టోర్‌కీపర్

అది ఇప్పుడే దొరకడం మీ అదృష్టం. కంప్యూటర్ ఒప్పుకుంది అంటే ఇక ఎవరూ చూడరు, అందుకే కాగితం మీది తప్పు కంటే మాస్టర్‌లోని తప్పు భయంకరం. మాస్టర్‌లో ఒకే కోడ్ రెండు ఐటమ్స్‌కి ఎక్కకుండా సిస్టమే అడ్డుకోవాలి, సాఫ్ట్‌వేర్ వాళ్లని ఇవాళే అడగండి.

క్వాలిటీ_అక్క

ఆహార భద్రత వైపు నుంచి నాలుగు మాటలు. అలర్జీ కలిగించే పదార్థాలున్న సరుకుని స్కానింగ్ ఒక్కదానికే వదలకండి. ఆ రెండు బిస్కెట్ల లొకేషన్లని ముందు దూరం చేయండి, పేరు దగ్గరగా ఉన్నవీ పెట్టె ఒకేలా ఉన్నవీ పక్కపక్కన ఉండకూడదు. దానికి డబ్బు ఖర్చు లేదు, ఈ రాత్రే చేయొచ్చు.

రెండోది బ్యాచ్ నంబరు. యూరప్‌లో 178/2002 నిబంధన ప్రకారం 2005 జనవరి నుంచి ఆహార వ్యాపారంలో ఉన్న ప్రతివాళ్లూ ఎవరి దగ్గర కొన్నారు, ఎవరికి అమ్మారు అని చెప్పగలగాలి, అంటే ఒక మెట్టు వెనక్కి, ఒక మెట్టు ముందుకి. అమెరికాలో ఎఫ్‌డీఏ (అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ) 2022లో తెచ్చిన ట్రేసబిలిటీ నియమం (సరుకు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లిందో కనిపెట్టగలగడం) ఇంకా ముందుకి వెళ్లింది. దాని జాబితాలో ఉన్న ఆహారాలకి లాట్ కోడ్‌తో (బ్యాచ్ నంబరు లాంటిది) సహా రికార్డు ఉంచాలి, అడిగితే 24 గంటల్లో ఇవ్వాలి. ఆ గడువు మొదట 2026 జనవరి అన్నారు, దాన్ని 30 నెలలు పొడిగిస్తున్నట్టు 2025లో ప్రకటించారు. మీ నియమాలు ఏవైనా సరే, లోకం వెళ్తున్న దారి ఇది. ఇప్పుడు సిస్టమ్ కడుతున్నప్పుడే బ్యాచ్ పట్టుకునేలా కట్టండి, తర్వాత అతికించడం చాలా కష్టం.

నేను పనిచేసిన ఒక చోట ఒక బ్యాచ్ వెనక్కి తెప్పించాల్సి వచ్చింది. బ్యాచ్ వారీగా రికార్డు లేదు. ఏ రోజుల్లో పంపి ఉంటామో ఊహించుకుని ఆ రోజుల్లో ఆ ఐటమ్ కొన్న ప్రతి కస్టమర్‌కీ ఫోన్ చేశాం, మొత్తం సరుకు పారేయమన్నాం. అందులో ఎక్కువ భాగం మంచి సరుకే. రెండు రోజులు ఎవరూ ఇంటికి వెళ్లలేదు. ఆహారం అలా పారబోయడం చూస్తే కడుపు తరుక్కుపోయింది.

కోడ్_రాసేవాడిని

నేను ఇలాంటి సిస్టమ్స్‌కి సాఫ్ట్‌వేర్ రాస్తాను. అక్క చెప్పిన బ్యాచ్, గడువు తేదీ చేత్తో టైపు చేయించకండి, రాత్రిపూట గ్లవ్స్‌తో ఎవరూ సరిగ్గా కొట్టలేరు. చాలా పెట్టెల మీద జీఎస్1-128 అనే పొడుగు బార్‌కోడ్ ఉంటుంది, అందులో అవన్నీ ఉంటాయి. దాని కింద బ్రాకెట్లలో చిన్న నంబర్లు చూసి ఉంటారు. (01) అంటే జీటిన్, (10) అంటే బ్యాచ్, (11) తయారీ తేదీ, (15) ఏ తేదీలోపు వాడితే బాగుంటుందో అది, (17) ఆ తర్వాత వాడకూడని తేదీ. (310) కుటుంబం అంటే కిలోల్లో నికర బరువు, నాలుగో అంకె దశాంశ స్థానం చెప్తుంది, అంటే (3102)001245 అంటే 12.45 కిలోలు.

ఇక్కడ మూడు చోట్ల అందరూ పడతారు, నేనూ పడ్డాను.

ఒకటి, తేదీలు. ఒక ప్రాజెక్టులో మా ప్రోగ్రాం 11ని గడువు తేదీగా చదివింది. పొద్దున షిఫ్టు వచ్చేసరికి ఫ్రీజర్లో ఉన్న సగం సరుకు 'గడువు ముగిసింది' అని బ్లాక్ అయిపోయింది. ఇంకా, తేదీలో రోజు దగ్గర 00 ఉంటే అది తప్పు కాదు, ఆ నెల చివరి రోజు అని అర్థం. అది తెలియని ప్రోగ్రాం ఆ పెట్టెని తీసుకోనంటుంది.

రెండోది అన్నిటికంటే ఎక్కువగా విసిగించేది. బ్యాచ్ నంబరు పొడవు స్థిరంగా ఉండదు, గరిష్ఠంగా 20 అక్షరాలు, అంతకంటే తక్కువా ఉండొచ్చు. అది ఎక్కడ ముగిసిందో చెప్పడానికి కోడ్‌లో కనపడని ఒక విభజన గుర్తు ఉంటుంది. స్కానర్ కీబోర్డులా పనిచేసే మోడ్‌లో ఉంటే చాలాసార్లు ఆ గుర్తు దారిలోనే పోతుంది, స్క్రీన్ మీద కనపడేది కాదు కాబట్టి ఎవరికీ తెలియదు. అప్పుడు బ్యాచ్ నంబరు దాని వెనక ఉన్న తేదీని, బరువుని అన్నిటినీ మింగేస్తుంది. లైన్ మీద అంతా బాగానే కనిపిస్తుంది, బీప్ వస్తుంది, మూడు నెలల తర్వాత రికార్డు తీస్తే బ్యాచ్ గడిలో చెత్త. కొనే ముందు మీ సొంత పెట్టెలు ఇరవై తీసుకెళ్లి, స్కాన్ చేసి, డేటాబేస్‌లో ఏం పడిందో కళ్లతో చూడండి. డెమో లేబుల్ మీద ఎప్పుడూ పనిచేస్తుంది.

మూడోది, ఒకే పెట్టె మీద నాలుగు కోడ్‌లు ఉంటే కెమెరా తరహా స్కానర్ తనకి ముందు దొరికింది చదివేస్తుంది. మధ్యలో గురి ఎక్కడ పడితే ఆ కోడ్ మాత్రమే చదివే సెట్టింగు మంచి స్కానర్లన్నిటిలో ఉంటుంది, అది ఆన్ చేయించండి. అలాగే మీ లొకేషన్ లేబుళ్ల కోడ్ ముందు ఒక అక్షరం పెట్టండి, అప్పుడు పొరపాటున ఐటమ్ బదులు లొకేషన్ కొట్టినా సిస్టమ్ గుర్తుపడుతుంది.

డిస్పాచ్_డెస్క్

కోడ్ గారూ, బరువు మారే సరుకు గురించి ఇంకొంచెం చెప్పండి. మాకు జున్ను దిమ్మలు, మాంసం పెట్టెలు ఉన్నాయి, ఇన్‌వాయిస్ బరువు మీద వేయాలి. ఇప్పుడు పికర్ కాగితం మీద ఒక్కో పెట్టె బరువు రాస్తాడు, బిల్లింగ్ అమ్మాయి అవన్నీ కూడుతుంది. 12.45ని 12.54 అని రాస్తే ఎవరికి తెలుస్తుంది?

కోడ్_రాసేవాడిని

అక్కడే స్కానింగ్ మొదటి వారంలోనే ఫలితం చూపిస్తుందండీ. ప్రతి పెట్టెనీ విడిగా స్కాన్ చేయించండి, బరువు లేబుల్ నుంచే వచ్చి నేరుగా ఇన్‌వాయిస్‌లో పడుతుంది. ఆ ఐటమ్స్‌కి మాత్రం 'ఒకసారి స్కాన్ చేసి సంఖ్య కొట్టు' అన్న ఆప్షన్ పూర్తిగా మూసేయండి. ఇంకో కాపలా కూడా పెట్టండి: ఐటమ్ మాస్టర్లో కనిష్ఠ, గరిష్ఠ బరువు పెట్టుకుంటే 12 కిలోల పెట్టె 124 కిలోలని చదివినప్పుడు (దశాంశ స్థానం తప్పు ముద్రించిన సప్లయర్లు ఉన్నారు) సిస్టమ్ ఆపుతుంది. కొన్ని లేబుళ్ల మీద బరువు పౌండ్లలో ఉంటుంది, అది (320) కుటుంబం, కిలోలుగా మార్చకుండా తీసుకుంటే బిల్లు రెట్టింపు దాటుతుంది.

చల్లగది

ఫ్రీజర్ సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను చెప్తాను, పన్నెండేళ్లు మైనస్ 18లోనే పనిచేశాను.

స్కానర్ ఫ్రీజర్లో పాడవదు, ఫ్రీజర్ నుంచి బయటికి వచ్చినప్పుడు పాడవుతుంది. చల్లటి పరికరాన్ని వెచ్చని, తడి గాలి ఉన్న డాక్ మీదకి తెస్తే గాజు మీదా లోపలా నీటి బిందువులు పడతాయి, మళ్లీ లోపలికి తీసుకెళ్తే అది మంచు అవుతుంది. ఇలా రాత్రికి ఇరవైసార్లు తిరిగితే మామూలు పరికరం కొన్ని వారాల్లో పోతుంది. ఫ్రీజర్ కోసం చేసినవాటిలో గాజుకి సన్నని హీటర్ ఉంటుంది. ఖరీదు ఎక్కువే. డబ్బులు చాలకపోతే ఒక పని చేయండి, ఫ్రీజర్ స్కానర్లు ఫ్రీజర్లోనే, డాక్ స్కానర్లు డాక్ మీదే, దాటనివ్వకండి. ఫ్రీజర్ గుమ్మం దగ్గర ప్యాలెట్ (పెట్టెలు పేర్చే పలక) చేతులు మారేలా పని మార్చుకోండి.

బ్యాటరీ చలిలో త్వరగా దిగిపోతుంది, షిఫ్టు మొత్తం వస్తుందని కంపెనీ రాసింది నమ్మకుండా ఒక అదనపు బ్యాటరీ లెక్కలో పెట్టుకోండి. మందపాటి గ్లవ్స్‌తో టచ్ స్క్రీన్ పనిచేయదు, పనిచేస్తుందన్నవి కూడా సగంసార్లే. ట్రిగ్గర్, పెద్ద బటన్లు ఉన్నది తీసుకోండి. లేదా వేలికి తొడిగే స్కానర్, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, 15 కిలోల పెట్టె ఎత్తేవాడికి అది ఎంత సుఖమో ఎత్తినవాడికే తెలుస్తుంది.

లేబుళ్లు: మామూలు జిగురు మంచు పట్టిన అట్ట మీద అతుక్కోదు. చలికోసం చేసిన జిగురుది తీసుకోండి, వీలైతే సరుకు లోపలికి వెళ్లకముందే అతికించండి. ర్యాకు లేబుళ్లకి వేడితో నేరుగా నల్లబడే కాగితం వద్దు, అది కాలం గడిచేకొద్దీ వెలిసిపోతుంది, రిబ్బన్‌తో ముద్రించేది తీసుకోండి.

ఇంకోటి వైఫై. ఖాళీ గోడౌన్‌లో సిగ్నల్ చూసి 'బ్రహ్మాండం' అని వెళ్లిపోతారు. ర్యాకులు నిండాక చూడమనండి. ఇనుప ర్యాకులు సిగ్నల్‌ని తిప్పికొడతాయి, నీళ్లు ఎక్కువున్న సరుకు మింగేస్తుంది. మాకు పానీయాల వరుస నిండిన రోజు ఆ వరుసలో ఒక్క స్కానరూ పనిచేయలేదు.

ట్రాలీ_తోసేవాణ్ని

నేను పికర్‌ని. ఇక్కడ అందరూ మేనేజర్లూ సాఫ్ట్‌వేర్ వాళ్లే మాట్లాడుతున్నారు, మా వైపు మాట కూడా వినండి.

మా దగ్గర స్కానర్ వచ్చిన కొత్తలో గంటకి ఆర్డర్లలోని ఎన్ని లైన్లు (ఐటమ్స్) తీశామో టీవీ మీద పేర్లతో వేసేవాళ్లు. ఏం జరిగిందో చెప్తాను. పది పెట్టెలు తీయాలంటే మొదటి పెట్టెనే పదిసార్లు స్కాన్ చేసి మిగతా తొమ్మిదీ చూడకుండా ట్రాలీలో వేసేవాళ్లం. పై ర్యాకులో లొకేషన్ లేబుల్ అందకపోతే దాన్ని ఫొటో తీసి ప్రింటు చేసుకుని అట్టకి అంటించుకుని దాన్నే స్కాన్ చేసేవాళ్లం. మేము చెడ్డవాళ్లమై కాదు. లేబుల్ చిరిగిపోయిందని చెప్తే ఎవరూ మార్చలేదు, ఆలస్యమైతే మాత్రం పేరు కింద పడేది, ఇంటికి వెళ్లాక కూడా ఆ టెన్షన్ పోయేది కాదు. తర్వాత కొత్త సూపర్‌వైజర్ వచ్చి ఆ టీవీ తీసేశారు, చిరిగిన లేబుల్ గురించి చెప్తే అదే షిఫ్టులో మార్పించారు. దొంగ స్కాన్లు వాటంతట అవే ఆగిపోయాయి.

సరుకు_లెక్క సార్, స్కానర్ కొనే ముందు ఇద్దరు ముగ్గురు పికర్లకి ఇచ్చి ఒక రాత్రి పనిచేయనివ్వండి. ఏది బరువు, ఏ మెసేజ్ అర్థం కావట్లేదు, ఎక్కడ అనవసరంగా 'ఓకే' నొక్కమంటోంది అన్నీ వాళ్లే చెప్తారు. మెసేజ్‌లు మా భాషలో పెట్టించండి. తప్పు పెట్టె కొట్టినప్పుడు వచ్చే శబ్దం సరైనదానికి వచ్చే బీప్‌తో అస్సలు కలవకూడదు, స్కానర్ అదరాలి కూడా. ఫోర్క్‌లిఫ్టుల గోలలో చిన్న తేడా వినపడదు.

పాత_స్టోర్‌కీపర్

తమ్ముడూ, ఈ థ్రెడ్‌లో ఇప్పటిదాకా వచ్చిన పోస్టుల్లో నీదే అన్నిటికంటే విలువైనది. మేము ఆ దొంగ స్కాన్లని పట్టుకోవడానికి రిపోర్టులు రాయించాం, కొన్ని సెకన్లలోనే పది స్కాన్లు ఉంటే ఎర్రగా చూపించేలా. నిజానికి వెళ్లి అడిగి ఉంటే ఒక్క రోజులో తెలిసేది.

డిస్పాచ్_డెస్క్

లోడింగ్ సంగతి నాకు తెలిసినంత చెప్తాను. పికింగ్ అయ్యాక ప్రతి ప్యాలెట్‌కీ ఒక సొంత నంబరు ఇవ్వండి. ఎస్ఎస్‌సీసీ అంటారు, 18 అంకెలు, బార్‌కోడ్‌లో (00)తో మొదలవుతుంది. ఆ నంబరు కింద ఆ ప్యాలెట్‌లో ఏమేం ఉన్నాయో బ్యాచ్‌తో సహా సిస్టమ్‌లో ఉంటుంది. డాక్ దగ్గర పెట్టె పెట్టెకీ మళ్లీ లెక్క అక్కర్లేదు, ప్యాలెట్ కోడ్ ఒకటి, లారీ తలుపు కోడ్ ఒకటి కొడితే ఆ ప్యాలెట్ ఆ లారీదా కాదా అని వెంటనే చెప్తుంది. మాకు మొత్తం తప్పుల్లో ఎక్కువ భాగం తప్పు ఐటమ్ కాదు, సరైన ప్యాలెట్ తప్పు లారీ ఎక్కడం.

ఎక్కించే వరుస కూడా సిస్టమే చెప్పాలి. చివరి స్టాప్ సరుకు ముందు ఎక్కాలి, మొదటి స్టాప్‌ది తలుపు దగ్గర ఉండాలి. వరుస తప్పితే స్కాన్ ఒప్పుకోకూడదు. మా డ్రైవర్లు మొదటి స్టాప్‌లో సగం లారీ రోడ్డు మీద దించి వెతుక్కునే బాధ దీనితోనే పోయింది, చల్లటి సరుకు బయట నిలబడటం కూడా తగ్గింది.

కస్టమర్ పెద్దవాడైతే లారీ బయల్దేరగానే ఆ 18 అంకెల నంబర్లతో ముందస్తు సమాచారం ఎలక్ట్రానిక్‌గా పంపొచ్చు, వాళ్లు ప్యాలెట్ లేబుల్ ఒకటి కొట్టి మొత్తం దించేసుకుంటారు. అయితే ఒక హెచ్చరిక: లోడింగ్‌లో ఎవరైనా చివరి నిమిషంలో ప్యాలెట్ మీద నుంచి రెండు పెట్టెలు తీసి ఇంకోదానిమీద పెడితే ఆ నంబరు అబద్ధం చెప్పడం మొదలుపెడుతుంది. ఆ రెండు పెట్టెల్ని కూడా సిస్టమ్‌లో మార్చే బటన్ డాక్ మీద ఉండాలి, అది సులువుగా ఉండాలి, లేకపోతే ఎవరూ నొక్కరు.

క్వాలిటీ_అక్క

గడువు విషయంలో ఒక ముక్క కలుపుతాను. ముందు వచ్చింది ముందు పంపడం ఆహారంలో సరిపోదు. నిన్న వచ్చిన సరుకు గడువు మొన్న వచ్చినదానికంటే ముందే ముగియొచ్చు. కాబట్టి ముందు గడువు ముగిసేది ముందు. పికర్ వెనక వరుసలోంచి కొత్త బ్యాచ్ లాగితే స్కానర్ 'ఇది కాదు, ముందున్నది తీయండి' అనాలి. అలాగే కొందరు కస్టమర్లు 'మాకు చేరేసరికి ఇన్ని రోజుల గడువు మిగిలి ఉండాలి' అంటారు, అది కూడా కస్టమర్ వారీగా ఎక్కించి పెడితే సిస్టమ్ ఆ బ్యాచ్‌ని వాళ్లకి కేటాయించదు.

కానీ గడువు ప్రకారం పంపు అంటే ర్యాకులో సరుకు కూడా అలాగే అందేలా పెట్టాలి. ముందు గడువుది వెనక ఇరుక్కుపోయి ఉంటే పికర్ ఏం చేస్తాడు పాపం, మూడు ప్యాలెట్లు లాగి తీయడు కదా.

సరుకు_లెక్క (నాలుగు నెలల తర్వాత)

అందరికీ మళ్లీ నమస్కారం. మీకు చెప్పకుండా ఉండలేక వచ్చాను.

మీరు చెప్పిన వరుసలోనే వెళ్లాం. ఐటమ్ మాస్టర్ సరిచేయడానికే ఐదు వారాలు పట్టింది, యజమాని రెండుసార్లు 'స్కానర్లు ఎప్పుడు వస్తాయి' అని కోప్పడ్డారు, బిస్కెట్ల కోడ్ సంగతి చూపించాక ఆయనే ఆగారు. తర్వాత సరుకు దించే చోట పెట్టాం, బ్యాచ్, గడువు లేబుల్ నుంచే. కోడ్ గారు చెప్పిన ఆ కనపడని గుర్తు సమస్య మాకూ వచ్చింది, మా సొంత పెట్టెలతో పరీక్ష చేశాం కాబట్టి కొనకముందే దొరికింది. ఆ తర్వాత మామూలు గదిలో పికింగ్, ఆఖర్న లోడింగ్. ఫ్రీజర్ ఇంకా కాగితం మీదే ఉంది, వచ్చే నెల. ముగ్గురు పికర్లు రెండు రకాల స్కానర్లు వాడి చూసి మేము అనుకున్నది కాకుండా రెండోది ఎంచుకున్నారు, అదే కొన్నాం. ఎవరి వేగమూ ఎక్కడా వేయట్లేదు.

మొదటి పది రోజులు నెమ్మదించాం. 4 గంటల లారీ 5:30కి వెళ్లింది, కస్టమర్లకి ముందే ఫోన్ చేసి చెప్పాం. మూడో వారానికి మళ్లీ మామూలైంది. డాక్ దగ్గర రెండోసారి లెక్కపెట్టే ఇద్దరినీ తీసేయలేదు, ఒకరు ఇప్పుడు లేబుళ్లు, లొకేషన్లు సరిచూస్తున్నారు, ఇంకొకరు రోజుకి కొన్ని లొకేషన్లు లెక్కపెడుతూ సిస్టమ్‌తో పోలుస్తున్నారు.

పోయిన గురువారం రాత్రి అదే కస్టమర్ ఆర్డరు. బిస్కెట్ల ర్యాకులు ఇప్పుడు వేర్వేరు వరుసల్లో ఉన్నాయి, అయినా నట్స్ ఉన్న పెట్టె ఒకటి ఎవరో తప్పుచోట పెట్టారు. పికర్ కొట్టగానే స్కానర్ అదిరింది, ఎర్ర స్క్రీన్. అతను పెట్టె పట్టుకుని నా దగ్గరికే నడుచుకుంటూ వచ్చి చూపించాడు. నేను ఆ పెట్టెని చాలాసేపు అలాగే చూస్తూ నిలబడ్డాను.

ఇప్పుడు ఒక ప్రశ్న మిగిలింది. కస్టమర్లు తిప్పి పంపిన సరుకు. డ్రైవర్లు తెచ్చి డాక్ మీద పెడతారు. దాన్ని స్కాన్ చేసి తిరిగి స్టాక్‌లో కలపాలా?

క్వాలిటీ_అక్క

చాలా సంతోషంగా ఉందండీ, ఆ పికర్‌కి నా తరఫున చెప్పండి.

తిరిగొచ్చింది స్కాన్ చేయండి, కానీ అమ్మే స్టాక్‌లోకి కాదు. 'ఆపి ఉంచినది' అని ఒక వేరే లొకేషన్ పెట్టుకోండి, అందులోకి వెళ్లినది పికింగ్‌కి కనపడకూడదు. చల్లటి సరుకైతే అది లారీలో, కస్టమర్ దగ్గర ఎంతసేపు ఏ ఉష్ణోగ్రతలో ఉందో నిరూపించే రికార్డు లేకపోతే తిరిగి కలపకండి. డబ్బా సరుకైతే పెట్టె విప్పలేదని, బ్యాచ్ మీరు పంపినదేనని సిస్టమ్‌తో పోల్చి చూశాకే విడుదల చేయాలి. ఒక్కోసారి వేరే చోట కొన్నది మనకి తిప్పి పంపుతారు, బ్యాచ్ పోలిస్తే అది కూడా తెలుస్తుంది. ఆపినదాన్ని విడుదల చేసే అధికారం ఒకరిద్దరికే ఇవ్వండి, షిఫ్టులో సరుకు తక్కువ పడినప్పుడు దానిమీదే అందరి చెయ్యీ పడుతుంది.

చల్లగది

ఫ్రీజర్ వచ్చే నెల అన్నారు కదా. లొకేషన్ లేబుళ్లు ఈ వారమే వేయించి లోపల అతికించి వదిలేయండి, నెల తర్వాత ఎన్ని రాలాయో చూసి అప్పుడు స్కానర్లు తీసుకెళ్లండి. పై ర్యాకులవి ఫోర్క్‌లిఫ్ట్ మీద కూర్చునే దూరం నుంచి చదవాలంటే వెలుతురుని తిప్పికొట్టే రకం లేబుల్, దూరం చదివే స్కానర్ రెండూ కావాలి. దిగి ఎక్కి చదివే పని పెడితే నాలుగో రోజుకి ఎవరూ చేయరు.